గుర్రం మూతికి బిగించిన పట్టీ

జర్మనీలో నేనుంటున్న నీడర్‌జాక్సెన్ రాష్ట్రం అధికార చిహ్నంలో ఎర్రటి డాలు మీద తెల్లగుర్రం దూకుతూ ఉంటుంది. పోలీసుల భుజం మీదా అదే, ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరం మీదా అదే. ఇక్కడి పల్లెల్లో ఫుట్‌బాల్ క్లబ్బు ఉన్నట్టే గుర్రపుస్వారీ క్లబ్బూ ఉంటుంది. బడి అయ్యాక ఆడపిల్లలు అక్కడికి వెళ్లి లద్దె ఎత్తి, డెక్కలు శుభ్రం చేసి, ఆ తర్వాతే జీను వేస్తారు.

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లు డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచారు. గుర్రపుస్వారీలో 41 ఏళ్ల తర్వాత మనకు దక్కిన బంగారం అది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే ప్రశ్న: ఇంతకీ ఆ ఆట ఏంటి, గుర్రం చేత డాన్సు చేయించడమేనా?

చూడ్డానికి అలాగే ఉంటుంది. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న ఇసుక బరిలో రౌతు కదలకుండా కూర్చున్నట్టే కనిపిస్తాడు. కింద గుర్రం పక్కకి అడుగులేస్తుంది, ఉన్నచోటే కదం తొక్కుతుంది, దౌడు తీస్తూనే అడుగు మారుస్తుంది. చుట్టూ కూర్చున్న న్యాయనిర్ణేతలు ఒక్కో విన్యాసానికి పదికి ఇన్నని మార్కులు వేస్తారు. హాంగ్‌జౌ జట్టులోని అనూష్ అగర్వాలా, ఒలింపిక్ డ్రెసాజ్‌లో దిగిన మొదటి భారతీయుడు, సాధన చేసింది జర్మనీలోనే, పాడర్‌బోర్న్ దగ్గర. పతకం సంగతి పత్రికలు రాశాయి. గుర్రం సంగతి నేను రాస్తాను.

ఇది సైన్యంతో మొదలైన కథ. 1732లో ప్రష్యా రాజు మొదటి ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ తూర్పున ట్రాకేనెన్‌లో పెద్ద అశ్వశాల పెట్టించాడు. మూడేళ్లకు హానోవర్ పాలకుడు రెండో జార్జి, ఇంగ్లండుకూ రాజు ఈయనే, మా వైపు సెల్లెలో ఇంకొకటి పెట్టించాడు. సెల్లె అశ్వశాల ఇప్పటికీ నడుస్తోంది. రైతుల ఆడగుర్రాలకు మేలుజాతి పోతుగుర్రాలను దాటించి పొలానికీ, బండికీ, రాజుగారి యుద్ధానికీ పనికొచ్చే పిల్లల్ని పుట్టించడం అప్పట్లో దాని పని.

1912లో జర్మన్ సైన్యం స్వారీ నియమావళి ఒకటి అచ్చువేసింది. 1937లో దాన్ని సవరించి మళ్లీ వేశారు. ఇక్కడి పాతకాలపు స్వారీ గురువులు నేటికీ దాన్నే ప్రమాణంగా చెప్తారు. లేతగుర్రాన్ని తొందరపెట్టకూడదు. రౌతు చెయ్యి నోటి మీద తేలిగ్గా ఉండాలి. మెడ వంచినప్పుడు చెవుల వెనక భాగమే అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి, ముక్కు నిట్టనిలువు గీతకు కాస్త ముందుండాలి. ఆ సంప్రదాయంలోంచి వచ్చిందే నేటి ఆరుమెట్ల శిక్షణ: ముందు అడుగుల్లో లయ, తర్వాత ఒంట్లో బిగువు పోవడం, కళ్లెంతో నమ్మకం కుదరడం, ఊపు, వంకర లేని నడక, చివరికి బరువును ఎక్కువగా వెనక్కాళ్ల మీదికి తీసుకోవడం. ఏళ్లు పట్టే పని. జాలితో రాసిన పుస్తకం కాదది, లెక్కతో రాసింది. తొందరపాటు శిక్షణతో గుర్రం కుంటిదైతే ఖజానాకు నష్టం.

డ్రెసాజ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందీ అదే 1912లో. 1948 దాకా సైనికుల్లో ఆఫీసర్లకు తప్ప ప్రవేశం లేదు. ఆ ఏడు గెలిచిన స్వీడన్ జట్టులో ఒకాయన నిజంగా ఆఫీసరు కాడని తర్వాత తేలి స్వర్ణం వెనక్కి తీసుకున్నారు. గుర్రం ఎంత బాగా నడిచిందన్నది ఎవరికీ పట్టలేదు. 1952లో మామూలు జనానికీ, ఆడవాళ్లకూ తలుపు తెరిచారు. పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ ఆ ఏడాదే రజతం గెలిచింది. కాళ్లతో అదిమి నడిపించలేని మనిషికి కూడా గుర్రం మాట వింటుందని అంతకన్నా రుజువేం కావాలి?

పాతదంతా బంగారమని మాత్రం అనను. అంత చక్కని పుస్తకం రాసుకున్న సైన్యమే రెండో ప్రపంచయుద్ధానికి దాదాపు 27 లక్షల గుర్రాలను తోలుకెళ్లింది. సినిమాల్లో ట్యాంకులు చూపిస్తారు గానీ, ఫిరంగుల్నీ తిండినీ లాగినవి ఎక్కువగా గుర్రాలే. చాలావరకు తిరిగి రాలేదు. 1945 చలికాలంలో సోవియట్ సేన ముంచుకొస్తుంటే తూర్పు ప్రష్యా జనం గడ్డకట్టిన సముద్రపు పాయ మీదుగా ట్రాకేనర్ గుర్రాల బండ్లలో పారిపోయారు. పైనుంచి విమానాల కాల్పులు, కింద పగులుతున్న మంచు. ఆ జాతిలో బతికి బయటపడినవి కొన్నే. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో వరసగా జర్మనీకి వ్యక్తిగత స్వర్ణం తెచ్చిన దలేరా అనే ఆడగుర్రం ఆ జాతిదే.  

యుద్ధం తర్వాత పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాయి. పనిలేని గుర్రాన్ని ఏం చేసుకోవాలి? బరువు తగ్గించి, కాళ్లు పొడుగు చేసి, ఆటగుర్రంగా మార్చారు. ఫెర్డెన్ పట్టణంలో 1949 నుంచి వేలంపాటలు మొదలయ్యాయి. అప్పటిదాకా గుర్రం ఎన్నేళ్లు పనిచేస్తుందని చూసేవాళ్లు. ఇప్పుడు చిన్న వయసులో ఎంత తళుక్కుమంటుందని చూడసాగారు. చెడంతా ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం.

1980లు, 90ల్లో ఒక పద్ధతి వ్యాపించింది. కళ్లెం లాగి, గడ్డం రొమ్ముకు తగిలేదాకా మెడ చుట్టేసి, అలాగే చాలాసేపు నడిపించడం. రోల్‌కూర్ అంటారు. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, దానికి ముక్కే గతి. మెడ అలా మడిస్తే గాలిదారి ఇరుకవుతుంది, ముందున్న దారి సరిగా కనపడదు. అది లొంగిపోతుంది, ఆ లొంగుబాటునే శిక్షణ అంటారు. గెర్డ్ హోయిష్‌మాన్ అనే జర్మన్ పశువైద్యుడు దీనికి వ్యతిరేకంగా పుస్తకం రాసి, ఊరూరా తిరిగి చెప్పాడు. 2009లో డెన్మార్క్‌లోని ఒక పోటీ సన్నాహంలో గుర్రం నాలుక నీలంగా బయటికి వేలాడుతున్న వీడియో వచ్చాక లోకం గగ్గోలు పెట్టింది. 2010 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సమాఖ్య బలవంతంగా మెడ వంచడాన్ని నిషేధించింది. కానీ బలప్రయోగం లేకుండా మెడ కిందికి, లోపలికి వంచితే తప్పులేదంది. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడో పక్కన నిలబడి చూసే అధికారే తేల్చాలి.

అదే రోజుల్లో టోటిలాస్ అనే నల్లటి పోతుగుర్రం డచ్చి రౌతు ఎడ్వర్డ్ గాల్ చేతిలో 90 శాతం దాటింది. అంతకుముందు ఏ గుర్రానికీ రాని స్కోరది. ముందుకాళ్లు ఆకాశానికి విసిరేది. వెనక్కాళ్లు ఆ జోరును అందుకోవడం లేదనీ, ముక్కు గీతకు వెనక ఉందనీ పాతకాపులు మొత్తుకున్నారు. మార్కులు మాత్రం ఆగలేదు. 2010లో జర్మన్ వ్యాపారి దాన్ని కొన్నాడు, ధర కోటి యూరోల దాకా ఉంటుందని పత్రికలు రాశాయి. ఇక్కడ గాయాలే మిగిలాయి. 2015లో ఆఖెన్‌లో సరిగా అడుగు పడక పోటీల నుంచి శాశ్వతంగా తప్పుకుంది.

కళ్లెం పెట్టే బాధను గుర్రం ఎక్కువగా చెప్పుకునేది నోరు తెరిచే. అందుకని మూతికి చుట్టే తోలుపట్టీని బిగించడం మొదలెట్టారు. రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. ఎవరి వేళ్లో, ఎక్కడ పెట్టి చూడాలో ఎవరిష్టం వాళ్లదిగా ఉండేది. కొలిచే పరికరం 2025లో గానీ అంతర్జాతీయ పోటీల్లోకి రాలేదు.

అసలు ఇంత బలం ఎందుకు? 1904లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని దాని యజమాని ఫోన్ ఓస్టెన్ చూపించేవాడు. జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో తట్టేది. పండితుల సంఘం వచ్చి మోసమేమీ లేదంది. చివరికి ఓస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుట్టు పట్టాడు: సరైన అంకె రాగానే అడిగిన మనిషి తల తనకే తెలియకుండా రవ్వంత కదులుతోంది, గుర్రం అది చూసి ఆగుతోంది. గుర్రానికి లెక్కలు రావని అందరూ నవ్వుకున్నారు. మనిషికే తెలియని మనిషి కదలికను పట్టుకోగల జంతువును ఇనుపముక్కతో లాగాలా అన్నది నా ప్రశ్న.

1972 నుంచి ఉన్న ఇక్కడి చట్టం సరైన కారణం లేకుండా జంతువును నొప్పించకూడదంటుంది, శక్తికి మించిన పని చేయించకూడదంటుంది. 2002లో జంతువుల రక్షణను రాజ్యాంగంలోనే చేర్చారు. అయినా 2021 టోక్యోలో ఆధునిక పెంటాథ్లాన్‌లో, తనది కాని, మొరాయించిన గుర్రాన్ని ఏడుస్తూ కొట్టిన క్రీడాకారిణి జర్మన్. పిడికిలితో గుద్దిన కోచ్ కూడా జర్మనే. ఆ ఆటలోంచి స్వారీనే తీసేశారు. 2024లో పారిస్‌కు ముందు బ్రిటన్ ఛాంపియన్ షార్లట్ డుజార్డిన్ శిక్షణలో గుర్రం కాళ్ల మీద పదేపదే కొరడాతో కొట్టిన వీడియో బయటికొచ్చి ఏడాది నిషేధం పడింది. చూడండి, వీటిలో ఏదీ న్యాయనిర్ణేతల బల్ల మీంచి రాలేదు. అన్నీ కెమెరాల్లోంచి వచ్చాయి. ఏది సరైనదో తెలియక జరిగిన తప్పులు కావివి. 1912 నుంచీ అచ్చులో ఉన్నదే. మార్కులు దాన్ని వదిలేశాయి, అంతే.

కాబట్టి మీరు ఎక్కడో దూరాన టీవీ ముందు కూర్చున్నా మీ చూపుకు విలువ ఉంది. ఈసారి డ్రెసాజ్ వస్తే స్కోరుకు ముందు గుర్రం మూతి చూడండి. పట్టీ చర్మంలోకి దిగిందా, ముక్కు రొమ్ము వైపు ముడుచుకుందా, తోక విసురుతోందా చూడండి. మన జట్టు గుర్రాలనూ అలాగే చూడండి. పైన కూర్చున్నది మన పిల్లలే కదా అని మినహాయింపు ఇవ్వకండి.