హైదరాబాదు విద్యార్థి – అమెరికాలో తోకచుక్క

మామిడి కాపు వేళ బాపులపాడు తోటలలో రాత్రులు కావలియుండు వారికి ఆకాశము పరిచితమైనదే. సప్తర్షి మండల మెప్పుడు వాలునో, వేగుచుక్క యెప్పుడు పొడుచునో వారికి తెలియును. ఎరిగిన ఆ చుక్కల నడుమ తోకతో ఒక క్రొత్తది తోచినపుడు మన పెద్దలు దానిని ధూమకేతువనిరి. కరవునకో, రాజ్యనాశమునకో సూచన యని వెరచిరి. అట్టి తోకచుక్క యొకదానికి హైదరాబాదులో చదివిన యువకుని పేరు గలదు.

ఆయన వైను బప్పు. 1927లో మద్రాసులో జన్మించిరి. వారిది మలయాళ కుటుంబము; తండ్రిగారు హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆకాశమును భాగములుగా ఛాయాచిత్రములు తీసి, లక్షలాది నక్షత్రముల స్థానములను కొలిచి పట్టికలకెక్కించిన సంస్థ అది. అంతటి ఓర్పుగల పనిని చూచుచు పెరిగిన బప్పు, నిజాం కళాశాలలో భౌతికశాస్త్రము చదివి, హైదరాబాదు రాజ్యమిచ్చిన విద్యార్థివేతనముతో 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము చేరిరి.

ఆ యేడు జూలై 2వ తేదీ రాత్రి ఆయన తోకచుక్కను వెదకుట లేదు. అలవాటు ప్రకారము తీసిన ఛాయాచిత్రపు పలకను పరిశీలించుచుండగా, ఉండరాని చోట ఒక వెలుగుమచ్చ కనబడినది. ఆచార్యుడు బార్ట్ బాక్, సహచరుడు గోర్డన్ న్యూకర్క్ తోడ్పడగా అది క్రొత్త తోకచుక్క యని నిర్ధారణమైనది. ముగ్గురి పేరిట ‘బప్పు–బాక్–న్యూకర్క్’ అని దానికి నామకరణము జరిగినది. ఊరివారిని వీధిలోనికి రప్పించునంత పెద్దది కాదది. అయినను ఆ విద్యార్థికి ఆ యేడే పసిఫిక్ ఖగోళ సంఘమువారి డోన్‌హో పతకము లభించినది. అది మరల సూర్యుని చెంతకు వచ్చుటకు సుమారు 60 వేల యేండ్లు పట్టునని లెక్క.

బప్పుగారు మాత్రము త్వరలోనే తిరిగివచ్చిరి. నైనితాల్ వేధశాలకు పునాది వేసి, 1960లో కోడైకెనాలు వేధశాల నాయకత్వము స్వీకరించిరి; తమిళనాట కావలూరు కొండలలో పరిశోధనకేంద్రమును నెలకొల్పిరి. పెద్ద దూరదర్శిని మన దేశముననే తయారు కావలెనని పట్టుబట్టిరి. అది పూర్తికాకముందే 1982లో మ్యూనిక్ నగరమున కన్నుమూసిరి. 1986లో పనికి వచ్చిన ఆ 2.3 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే పెట్టినారు.

మామిడి టెంక నాటిన తాత ప్రతి యేడును ఫలము తినడు, మనుమలు తిందురు. ఈ వేసవి రాత్రి తోటలో మంచమెక్కినపుడు, చుక్కలలో మీరెరుగనిది ఏదేని తోచినచో, వెరవక నిదానించి చూడుడు. ఆ హైదరాబాదు విద్యార్థి చేసినదియు అంతే.