రాబర్ట్‌సన్‌పేట అంగడి: పద్దు ఎటు పోయింది

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేట. అక్కడి చిల్లర అంగళ్ల గురించి రెండు కథలు చెలామణిలో ఉన్నాయి. 2001లో బంగారు గని మూతపడింది, ఊరు పాడుబడింది, అంగళ్లూ దానితోపాటే పోయాయన్నది మొదటిది. సూపర్‌మార్కెట్లు వచ్చి సబ్బులు, బట్టల పొడి, బకెట్లు, చీపుర్లు చవగ్గా అమ్మేసరికి చిన్న అంగడివాడు నిలవలేకపోయాడన్నది రెండోది. వినడానికి రెండూ నమ్మబుద్ధేస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం పొసగవు. అంగడి గనితోనే పోయుంటే, తరవాత వచ్చిన సూపర్‌మార్కెట్టు దెబ్బతీసింది ఎవరిని? సూపర్‌మార్కెట్టే దెబ్బతీసి ఉంటే, గని ఆగిన నాటినుంచి అది వచ్చేదాకా అంగడి దేనిమీద బతికింది? ఈ నడిమి కాలాన్ని ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. అసలు సంగతి అక్కడే ఉందని నా నమ్మకం.

పాడుబడిన ఊరన్న మాటకు జనాభా లెక్కలు ఒప్పుకోవు. గని ఆగిన పదేళ్లకు, 2011లో, ఈ నగరంలో 1,62,230 మంది ఉన్నారు. వాళ్ల సంపాదన దారి మారింది, అంతే. మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా బెంగళూరు పోయే రైళ్లలో రోజూ వేల మంది పనికి పోయి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. లక్షన్నర మంది తిని, స్నానం చేసి, బట్టలు ఉతుక్కునే ఊళ్లో సబ్బుకు గిరాకీ పడిపోదు. మారింది ఆ సబ్బు కొనే పద్ధతి.

ఊరి తొలినాళ్ల చరిత్ర అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనుల తవ్వకంలోకి దిగింది. 1894 నాటికి రైలు వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. 1898లో మైసూరు సంస్థానాన్ని ప్లేగు పట్టి కుదిపిన తరవాతి ఏళ్లలో, గని కంపెనీల ఆవరణకు వెలుపల వీధులు గీసి కట్టిన పేట ఇది. అప్పటి బ్రిటిష్ రెసిడెంటు డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు పెట్టారు. గనిలో దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు తమిళులు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, కన్నడం కలిసే నడిచాయి. అంగట్లో కూర్చున్నవాడికి తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ నాలుగూ వచ్చి తీరాలి.

ఆ అంగడి సరుకు అమ్మేదని మనం రాస్తుంటాం. నిజానికి అది సరుకుతో పాటు గడువునూ అమ్మేది. సంబళం నెలకొకసారి. బియ్యం, కిరసనాయిలు, సబ్బు రోజూ కావాలి. ఈ రెండిటి మధ్య దూరాన్ని పూడ్చింది పద్దు పుస్తకం. అంగడివాడి దగ్గర నిలువుగా పొడుగ్గా మడిచిన లెక్క పుస్తకం, ఇంటివాళ్ల దగ్గర చిన్న పుస్తకం, రెండిట్లోనూ ఒకే పద్దు. 501 బారు సబ్బును తీగతో కోసి ముక్క ఇచ్చేవాళ్లు. ఆ ముక్క ధర పుస్తకంలో ఎక్కేది. సంబళం రోజున లెక్క తేలేది, కొంత మిగిలేది. ఆ మిగిలిందే వచ్చే నెల మళ్లీ అదే అంగడికి రప్పించేది.

దీన్ని పాత కాలపు మంచితనంగా రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. పద్దు మీద కొన్నవాడికి బేరమాడే నోరు ఉండదు. చెప్పిన ధరే ధర, తూచిందే తూకం. నచ్చకపోయినా పక్క అంగడికి పోలేడు, ఎందుకంటే ఇక్కడి బాకీ తీరలేదు. కార్మికుల స్థితిగతుల మీద 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్, చాలా పారిశ్రామిక కేంద్రాల్లో కార్మిక కుటుంబాల్లో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా అప్పుల్లో ఉన్నాయని రాసింది. ఆ కమిషన్ చూసింది బ్రిటిష్ ఇండియానే, మైసూరు సంస్థానం దాని పరిధిలో లేదు. కాబట్టి ఆ అంకెను కోలారుకు నేరుగా అంటగట్టను. అయితే నెల సంబళం మీద బతికే గని కార్మికుల ఇళ్ల లైన్లలో పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉండిందనుకోవడానికి నాకు ఆధారం కనబడలేదు.

మరోవైపూ చెప్పాలి. 1930 ఏప్రిల్‌లో వేలిముద్రల నమోదుకు ఎదురుతిరిగి గని కార్మికులు పని మానేశారు. సంబళం లేని ఆ రోజుల్లో పొయ్యి వెలిగించడానికి ఉన్న కొద్ది దారుల్లో అంగడి పద్దు ఒకటై ఉంటుందని ఊహించడం కష్టం కాదు. కట్టిపడేసిన పుస్తకమే గడ్డు నెలల్లో నిలబెట్టింది కూడా. ఈ రెండిట్లో ఒకదాన్నే తీసుకుని కథ అల్లితే అది చరిత్ర కాదు.

1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకుంది, 1962లో అవి కేంద్రం చేతికి పోయాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. 1992 నాటికి ఆ సంస్థ ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందు నిలబడింది. 2001 ఫిబ్రవరి 28 ఆఖరి రోజు. అంటే సంబళాలు ఒక్క రోజులో ఆగలేదు. పనివాళ్లను తగ్గించుకుంటూ వచ్చిన ఏళ్లన్నీ పద్దు పుస్తకాల్లో పేర్లు తగ్గిన ఏళ్లే. మూత రోజున పోయింది అప్పటికే సన్నబడిన సంబంధం. మొదటి కథలోని తప్పు ఇదే. అది ఒక తేదీని పట్టుకుని, అంతకుముందు నడిచిన ఇరవై ఏళ్లను వదిలేసింది.

ఆ ఏళ్లలోనే అంగడికి కొత్త ఊపిరి పోసిన వస్తువు ఒకటి ఉంది: చిన్న పొట్లం. కడలూరులో చిన్నికృష్ణన్ కుటుంబం షాంపూను పొట్లాల్లో అమ్మింది. 1983లో ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ చిక్ షాంపూతో దాన్ని పల్లెపల్లెకూ చేర్చాడు. పెద్ద కంపెనీలు అదే దారి పట్టాయి. బట్టల పొడి, కాఫీ పొడి, కొబ్బరి నూనె రూపాయికీ రెండు రూపాయలకూ దొరకసాగాయి. గుమ్మానికి అడ్డంగా వేలాడే పొట్లాల తోరణాలు, అందులోంచి కత్తెరతో ఒక్కటి కత్తిరించి ఇచ్చే చెయ్యి నేటికీ ప్రిచర్డ్ రోడ్డు సందుల్లో కనబడతాయి. నెల సంబళం పోయి రోజు కూలి వచ్చిన ఇంటికి ఇది సరిగ్గా సరిపోయింది. ఈ రోజు దుడ్డుతో ఈ రోజు సబ్బు. పద్దు చేసిన పనిలో ఒక భాగాన్ని పొట్లం చేసిపెట్టింది. గని మూతపడ్డాక అంగడి ఎలా బతికిందన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. అయితే ఇది పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు. పొట్లంతో బియ్యం రాదు, ఆస్పత్రి ఖర్చు రాదు, బడి ఫీజు రాదు. వాటికి కావలసిన గడువు ఇంకెక్కడినుంచో రావాలి. ఎక్కడినుంచి వచ్చిందో తరవాత చెబుతాను.

ముందు చవకదనం సంగతి. సూపర్‌మార్కెట్టు చవక అనడానికి కొలబద్ద ఏది? ప్యాకెట్టు మీద అచ్చయిన ఎం.ఆర్.పి. 1977 ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల్లో ధర అచ్చువేయడం మొదలైంది. కానీ ‘స్థానిక పన్నులు అదనం’ అనే తోక ఉండేది. అంగడివాడు ఆ తోక పట్టుకుని ఎంతైనా కలిపేవాడు. 1990లో అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధరే వేయాలన్నారు. ఉద్దేశం మంచిది, కొనేవాడిని కాపాడింది. అయితే కంపెనీ వేసే ఆ అంకె మీద కంపెనీకి తప్ప ఎవరికీ అధికారం లేదు. దానికి ఎంత తక్కువకు ఎవరికి సరుకు ఇవ్వాలన్నదీ కంపెనీ ఇష్టమే.

ఒక ఉదాహరణ. బట్టల పొడి ప్యాకెట్టు మీద వంద రూపాయలు అచ్చయి ఉందనుకుందాం. డిస్ట్రిబ్యూటరు వ్యానులోంచి దిగేసరికి చిన్న అంగడివాడికి అది తొంభైకి అటూఇటూ పడుతుంది. అద్దె, కరెంటు, చిల్లర నష్టం అన్నీ ఆ పదిలోంచే. పెద్ద సంస్థ కంపెనీతో నేరుగా మాట్లాడుకుని ఇంకా తక్కువకు తెచ్చుకుంటుంది, ఎనభై అయిదుకు అమ్మి కూడా మిగుల్చుకుంటుంది. అంటే చిన్న అంగడివాడు కొన్న ధర కన్నా అక్కడ అమ్మే ధర తక్కువ. ఆఫరు పెట్టిన రోజున చిన్న అంగళ్లవాళ్లే సూపర్‌మార్కెట్టుకు పోయి సరుకు కొనుక్కొచ్చి తమ అలమరలో సర్దుకోవడం ఇందుకే. ఇది సామర్థ్యంలో తేడా అనేవాళ్లు ఈ ఒక్క దృశ్యానికి జవాబు చెప్పాలి.

2021 చివర్లో ఈ పేచీ బయటపడింది. అఖిల భారత స్థాయి డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య, పెద్ద టోకు సంస్థలకు ఇచ్చే ధరే తమకూ ఇవ్వాలనీ, లేకపోతే 2022 జనవరి నుంచి సహకరించమనీ కంపెనీలకు రాసింది. తమకు 8 నుంచి 12 శాతం మిగిలితే ఆ సంస్థలకు 15 నుంచి 20 శాతం దక్కుతోందన్నది అప్పట్లో వార్తల్లోకెక్కిన వాళ్ల ఫిర్యాదు. మహారాష్ట్రలో కొన్ని కంపెనీల సరుకు ఆపారు కూడా. ఫిర్యాదుదారుల లెక్క కాబట్టి కొంత తరుగు తీసి చూసినా, తేడా ఉందన్న సంగతి మిగులుతుంది.

దీనికి తొమ్మిదేళ్ల ముందు దేశమంతా జరిగిన చర్చ గురి తప్పిందని అందుకే అంటాను. 2012 సెప్టెంబరు 20న, చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి నోటిఫికేషన్ వెలువడిన రోజునే, భారత్ బంద్ జరిగింది. పది లక్షల జనాభా దాటిన నగరాలకే అన్నది అందులో ముఖ్యమైన షరతు. రాబర్ట్‌సన్‌పేట ఆ గీతకు ఎక్కడో కింద ఉంది. విదేశీ కంపెనీ వస్తుందని భయపడుతున్న కాలానికే స్వదేశీ సంస్థలు వచ్చి కూర్చున్నాయి. హైదరాబాదులో 1986లో మొదలైన త్రినేత్ర 2007లో ఆదిత్య బిర్లా వాళ్ల చేతికి పోయింది. 2006లో రిలయన్స్ ఫ్రెష్ హైదరాబాదులోనే తలుపు తీసింది. అన్నీ నిలవలేదన్నదీ గుర్తుంచుకోవాలి. చెన్నైలో 1997లో పుట్టిన సుభిక్ష 1,600 దుకాణాలదాకా పెరిగి 2009లో కుప్పకూలింది. బిగ్ బజార్ 2022లో మూతపడింది. పెద్దది కావడం ఒక్కటే గెలుపు అయితే ఇవి పడిపోకూడదు.

ఇక ఇప్పటి సంగతి. చిన్న అంగడి మీద నాకు ప్రేమ ఉంది, అయినా సూపర్‌మార్కెట్టు తెచ్చిన ఒక మార్పును తక్కువ చేయలేను. ఈ ఊరు ప్రధానంగా దళిత కార్మికుల ఊరు. అంగడి బల్లకు ఇవతల నిలబడి, లోపలివాడు తీసి ఇచ్చేదాకా ఆగి, కొన్నిచోట్ల దుడ్డు బల్లమీద పెట్టాల్సి వచ్చిన తరాలు ఇక్కడున్నాయి. లోపలికి నడిచి వెళ్లి, వస్తువును చేత్తో తీసి, తేదీ చదివి, నచ్చకపోతే తిరిగి పెట్టేసే హక్కు వాళ్లకు చిన్న విషయం కాదు. అచ్చువేసిన బిల్లు ఇస్తారు, తూకంలో దాపరికం ఉండదు. చిన్న అంగడిని కాపాడాలనేవాళ్లు ఈ అనుభవాన్ని పక్కనపెట్టి మాట్లాడితే ఆ ఇళ్లలో ఎవరూ వినరు.

అయినా చవక అన్న మాట దగ్గర ఆగిపోతాను. పద్దు పుస్తకంలో సరుకు ధర, గడువు ధర కలిసే ఉండేవి. ఇప్పుడవి విడిపోయాయి. సరుకు చవగ్గా, చేతిలో దుడ్డుకు, సూపర్‌మార్కెట్టులో దొరుకుతోంది. గడువు వేరే గుమ్మంలోంచి వస్తోంది: మైక్రోఫైనాన్స్ అప్పుగా, వడ్డీతో, కంతులు కట్టమని ఇంటికొచ్చే మనిషితో. 2009లో కోలారు పట్టణంలో ఈ అప్పుల చెల్లింపులు పెద్ద ఎత్తున ఆగిపోయి దేశమంతా చర్చ జరిగింది. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం వసూళ్ల వేధింపులను అడ్డుకోవడానికి ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. సబ్బు మీద నాలుగు రూపాయలు మిగిలాయన్న ఇంట్లోనే వడ్డీకి నెలనెలా ఎంత పోతోందో కలిపి చూస్తేనే ఆ ఇంటి చవకదనం తేలుతుంది. ఈ రెండు ఖర్చుల్నీ ఒకే కాగితం మీద వేసిన అధ్యయనమేదీ నా కంట పడలేదు. అందుకే సూపర్‌మార్కెట్టు పేదవాడికి మేలు చేసిందని ఢంకా బజాయించేవాళ్లతో నేను గొంతు కలపలేను. పాత పద్దులో దాగిన వడ్డీ ఎంతో తేలనిదే, పాత అంగడే మేలని రాయడానికీ నాకు ధైర్యం చాలదు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో రైళ్లు ఆగినప్పుడు బెంగళూరు కూలి ఆగింది. ఆ నెలల్లో పద్దు మళ్లీ తెరిచింది సందుల్లోని చిన్న అంగళ్లే. గడ్డు రోజున తెరుచుకునే పుస్తకం కావాలంటే మామూలు రోజుల్లో ఆ అంగడి బతికి ఉండాలి. ఇటీవల దానికి మరో చిక్కు వచ్చింది. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ చిరు వ్యాపారులకు నోటీసులు పంపేసరికి బెంగళూరులో చాలామంది క్యూఆర్ కాగితాలు పీకేసి, రొక్కం మాత్రమే అని రాసి పెట్టుకున్నారు.

జాలి చూపితే ఈ అంగళ్లకు ఒరిగేదేమీ లేదు. వాటికి కావలసింది కొనే ధరలో సమానత్వం. కోలారు జిల్లాలో పాలకు సహకార సంఘం ఉంది. రెండు ఆవులున్న ఇంటి పాలు కూడా పెద్ద డెయిరీకి చేరి, పదిమందితో పాటు అదే రేటు తెచ్చుకుంటున్నాయి. అమ్మడానికి కుదిరిన ఈ ఏర్పాటు కొనడానికి ఆ స్థాయిలో ఎన్నడూ ఎదగలేదు. మహాత్మాగాంధీ మార్కెట్టు చుట్టూ ఉన్న అంగళ్లవాళ్లు నూరుమంది కలిసి, ఒకే గోడౌను, ఒకే జీఎస్టీ నంబరు పెట్టుకుని, నెలకొక ఆర్డరు ఇస్తే, కంపెనీ ప్రతినిధి వాళ్లతో మాట్లాడే రేటు వేరుగా ఉంటుంది. దానికి మొదటి అడ్డంకి అంగళ్లవాళ్లలో వాళ్లకే ఉన్న పోటీ. రెండోది, కలిసి కొన్న సరుకుకు ముందుగా దుడ్డు కట్టాలి, ఆ దుడ్డు వాళ్ల ఖాతాదారుల పద్దుల్లో చిక్కుకుని ఉంది. జిల్లా సహకార బ్యాంకు అప్పివ్వాల్సింది ఇక్కడే, ఈ నిలవ సరుకు మీదే.