కలయికలో నొప్పి: భరించాల్సిన పని లేదు.. ఆలూరు నుంచి ఎక్కడికి వెళ్లాలి?

కలయికలో నొప్పి వస్తే చాలామంది మహిళలు బయటికి చెప్పుకోరు. ఆసుపత్రికి వెళ్లినా ‘నడుము నొప్పి’ అనో, ‘తెల్లబట్ట’ అనో చెప్పి మాత్రలు తెచ్చుకుంటారు. అసలు సమస్య అలాగే ఉండిపోతుంది. వైద్యులు డిస్పరూనియా అని పిలిచే ఈ నొప్పికి చాలావరకు చికిత్స ఉంది.

కారణాలేంటి?

నొప్పి ఎక్కడ వస్తోందన్నది ముఖ్యం.

యోని ముఖద్వారం దగ్గరైతే: తడి లేకపోవడం, ఇన్ఫెక్షన్, కాన్పు కుట్లు కారణం కావచ్చు. పాలిచ్చే తల్లుల్లో, ముట్లుడిగిన వారిలో ఈస్ట్రోజెన్ తగ్గి యోని పొడిబారుతుంది. కొందరికి భయంతో అక్కడి కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. దీన్ని వెజైనిస్మస్ అంటారు. ఇది మొండితనం కాదు.

పొత్తికడుపు లోతులోనైతే: ఎండోమెట్రియోసిస్, గర్భాశయంలో గడ్డలు, అండాశయంలో నీటితిత్తులు, గర్భాశయం, ట్యూబులకు సోకిన ఇన్ఫెక్షన్ వంటివి కారణం కావచ్చు.

చికిత్స ఎలా?

పొడిబారితే నీటి ఆధారిత జెల్ వాడొచ్చు. కండోమ్ వాడేవారు నూనెలు రాయకూడదు, రబ్బరు చిరిగిపోతుంది. ముట్లుడిగిన వారికి డాక్టర్లు ఈస్ట్రోజెన్ క్రీమ్ రాస్తారు. ఇన్ఫెక్షన్‌కు రకాన్ని బట్టి మందులుంటాయి. సుఖవ్యాధి అయితే భర్త కూడా మందులు వాడాలి, లేదంటే మళ్లీ వస్తుంది. వెజైనిస్మస్‌కు కటి కండరాల వ్యాయామాలు, కౌన్సెలింగ్ పనిచేస్తాయి. సబ్బు, డెట్టాల్‌తో లోపల కడగొద్దు, మంట పెరుగుతుంది.

ఎక్కడ చూపించుకోవాలి?

ముందుగా ఆలూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకోండి. అక్కడ కుదరకపోతే ఆదోని ఏరియా ఆసుపత్రికి, పెద్ద పరీక్షలు, ఆపరేషన్ అవసరమైతే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు వెళ్లొచ్చు. జననేంద్రియ ఇన్ఫెక్షన్లకు, సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్‌లలో ఉచిత వైద్యం ఉంటుంది. ముఖాముఖి చెప్పలేకపోతే ఈ-సంజీవనిలో ఫోన్ నుంచే డాక్టర్‌తో ఉచితంగా మాట్లాడొచ్చు. భయం, ఆందోళన ఎక్కువగా ఉంటే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయొచ్చు.

ఎలా చెప్పాలి?

‘కలిసేటప్పుడు నొప్పి వస్తోంది’ అన్న ఒక్క మాట చాలు. ఎప్పటి నుంచి, ముందు భాగంలోనా లోపలా, ప్రతిసారీ వస్తోందా, చివరి ముట్టు ఎప్పుడు అన్నవి ఫోన్‌లో రాసుకుని వెళ్లండి. పరీక్ష చేసేది పురుష డాక్టరైతే పక్కన ఒక మహిళ ఉండాలని అడగడం మీ హక్కు.

వెంటనే వెళ్లాల్సింది ఎప్పుడు?

కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక రక్తస్రావమైనా ఆలస్యం చేయొద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉందేమో చూడాల్సి ఉంటుంది. 30 నుంచి 65 ఏళ్ల వారికి ప్రభుత్వ కార్యక్రమంలో దీని స్క్రీనింగ్ ఉంది. ముట్టు తప్పి ఒక్కసారిగా తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

భర్తలు ఏం చేయాలి?

నొప్పి అంటే ఆపాలి. భరిస్తూ కొనసాగిస్తే భయం పెరిగి, కండరాలు మరింత బిగుసుకుంటాయి. నొప్పి అన్నా బలవంతం చేస్తుంటే మహిళలు 181కి ఫోన్ చేయొచ్చు. 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసను కూడా హింసగానే గుర్తిస్తుంది.