రేవు విడిచే పక్షులు

కాకినాడ రేవులోను, పులికాట్ ఒడ్డునను చలికాలమంతా తెల్లని తలతో తిరిగే గల్ పక్షులలో ఒక జాతికి ఫాల్గుణ, చైత్ర మాసాలలో తల ముదురు గోధుమవన్నెకు మారుతుంది. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడిందనడానికి ఇది గుర్తు. వేసవి ముదిరేసరికి ఆ గుంపులు చాలావరకు మాయమవుతాయి. ఎక్కడికి పోతున్నవి? ఈ ప్రశ్న చాలా పాతది.

కొన్ని పక్షులు చలికాలంలో కలుగులలో దాగి ఉంటాయని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తలచాడు. పంతొమ్మిదవ శతాబ్దంలో నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే వైద్యుడు మన పక్షులను శ్రద్ధగా పరిశీలించి, 1862-64 నడుమ భారతదేశపు పక్షులపై పెద్ద గ్రంథం ప్రకటించాడు. 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేశాడు. ఏ పక్షి ఎక్కడ, ఏ ఋతువులో కనబడుతుందో వీరివంటి వారి కృషివల్ల తెలిసింది. ఐతే వెళ్లిన పక్షే తిరిగి వచ్చిందో, వేరొకటి వచ్చిందో కంటితో చూచి చెప్పడం ఎట్లా?

ఉపాయం డెన్మార్కు నుంచి వచ్చింది. 1899లో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు గోరింక కుటుంబపు పక్షుల కాళ్లకు అంకెలు చెక్కిన అల్యూమినియం ఉంగరాలు తొడిగి విడిచిపెట్టాడు. మన దేశంలో ఈ పని పెద్దయెత్తున సాగడానికి ఒక వ్యాధి కారణమైంది. 1957లో మైసూరు రాష్ట్రంలోని క్యాసనూరు అడవిలో కోతులు, మనుషులు వింత జ్వరంతో చనిపోయారు. వలసపక్షులు పిడుదులను మోసుకొని వచ్చాయేమోనన్న శంకతో, 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం పొంది బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వేలాది పక్షులకు ఉంగరాలు తొడిగింది. తమకు తెలియజేయవలసిందిగా కోరుతూ సంఘం పేరు ఆ ఉంగరాలపై చెక్కించింది. భరత్‌పూర్‌లో ఉంగరం తొడిగిన బాతులు కొన్ని సైబీరియాలో దొరికినవి. మన గోధుమ తల గల్ పక్షులు గుడ్లు పెట్టేది లడఖ్, టిబెట్, మధ్య ఆసియాలలోని ఎత్తైన సరస్సుల వద్ద.

ఇంత దూరపు ప్రయాణంలో పక్షికి మేత, విశ్రాంతి కావాలి. సముద్రతీరం ఒక్కటే చాలదు, లోతట్టు చెరువులూ అవసరమే. హైదరాబాదు శివారున బాచుపల్లికి పొరుగుననున్న అమీన్‌పూర్ చెరువుకు కూడా శీతకాలంలో వలసపక్షులు వస్తాయి. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ భవనాలు పెరుగుతున్న చోట ఆ నీటిని నిలుపుకొనడం తేలిక కాదు. కాని నడిదారిలో ఒక్కొక్క మజిలీ తరిగిపోతే, దాని ఫలితం రేవు ఒడ్డున నిలిచి చూచేవానికి కూడా కనబడుతుంది: వచ్చే ఏడు ఆ గుంపు చిన్నదౌతుంది.