పాసైనవాళ్ల జాబితాలో లేనివాళ్లు

 

వందేళ్ల కిందట మన విశాఖలో స్కూలు ఫైనలు చదివిన పిల్లల గురించి ఈ సంచికకు రాయమని సంపాదకవర్గం అడిగింది. నేను ముందు మా ఇంట్లో ఇనప పెట్టె తెరిచాను. అందులో మా తాతగారి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఉంది. 1914 నాటిది. పుట్టిన తేదీ, గుర్తింపుకి రెండు పుట్టుమచ్చలు, నాలుగు, అయిదు, ఆరు ఫారాల మార్కులు, చివర ప్రధానోపాధ్యాయుల సంతకం. పదిహేడేళ్ల కుర్రవాడి గురించి సర్కారు తెలుసుకోవలసిందంతా అంతే.

అప్పటికి మన ఊళ్లో ఓడరేవు లేదు. అది 1933లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. ఊళ్లో ఉన్న పెద్ద చదువు మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ. 1860లో బడిగా మొదలై, 1878లో రెండో తరగతి కాలేజీ అయింది. అక్కడ ఎఫ్.ఏ. వరకే చదువుకోవచ్చు. బి.ఏ. కావాలంటే విజయనగరమో మద్రాసో వెళ్లాలి. అందుకే చాలామందికి స్కూలు ఫైనలే చివరి మెట్టు. అది దాటితే కచేరీలో గుమస్తా ఉద్యోగం దొరికే ఆశ ఉండేది.

ఆ మెట్టు దగ్గర నిలబడ్డ ముగ్గురిని చూద్దాం.

మొదటివారు సి.వి. రామన్. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో ఏ.వి.ఎన్. కాలేజీకి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి రావడంతో రామన్ బాల్యం ఇక్కడే గడిచింది. సెయింట్ అలోషియస్ బడిలో చదివి, పదకొండో ఏటనే మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. ఎఫ్.ఏ. కూడా ఇక్కడే ముగించి, 1902లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లాడు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంట్లోనే గురువు, గురువు చేతిలో పుస్తకాలు. ఆ తెలివికి అలాంటి ఇల్లు దొరికింది.

రెండోవారు శ్రీశ్రీ. 1910లో ఈ ఊళ్లోనే పుట్టాడు. 1925లో ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాడు. ఆ ఏడే పెళ్లి కూడా అయింది. పదిహేనేళ్ల పిల్లవాడు ఒకే సంవత్సరంలో బడి వదిలి ఇంటివాడయ్యాడన్నమాట. ఆ రోజుల్లో అది వింత కాదు. తరవాత మద్రాసులో జంతుశాస్త్రంలో బి.ఏ. చేసి, 1935లో ఏ.వి.ఎన్. కాలేజీకే డిమాన్‌స్ట్రేటరుగా తిరిగొచ్చాడు.

మూడోవారు అల్లూరి సీతారామరాజు. 1897లో పాండ్రంగిలో పుట్టి, ఎన్నో ఊళ్ల బళ్లు మారి, ఏ.వి.ఎన్.లో కూడా కొంతకాలం చదివాడు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. స్కూలు ఫైనలు పాసైనవాళ్ల జాబితా ఏ బడిలో తీసినా అందులో ఆయన పేరు ఉండదు. 1922లో మన్యం ప్రజల్ని కూడగట్టి పోలీసు స్టేషన్ల మీదికి నడిపించాడు. 1924 మే 7న కొయ్యూరులో ప్రాణం వదిలాడు.

మా తాతగారు పుట్టింది కూడా 1897లోనే. ఆయన కాలం పిల్లలకు ఇంకో చిక్కు ఉండేది. పరీక్షలో ఏ తెలుగు రాయాలి? స్కూళ్ల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్, ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు కలిసి, పిల్లలకు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. ఆ ప్రయత్నం వల్ల 1912–13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని వ్యావహారికంలోనైనా రాయవచ్చని అనుమతి వచ్చింది. పండితులు అభ్యంతరం చెప్పారు. చివరికి ప్రభుత్వం ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది.

"నువ్వు ఎలా రాశావు తాతా?" అని చిన్నప్పుడు అడిగాను. "గ్రాంథికంలోనే రాశాన్రా. దిద్దే పంతులుగారు ఎటువంటివారో ఎవరికి తెలుసు? తప్పితే మళ్లీ ఫీజు కట్టే స్తోమత మాకు లేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ ముప్పయ్యేళ్లు కచేరీలో గుమస్తాగా చేసిన ఆ మనిషి, తన మాటల్లో తాను రాసుకున్న కాగితం ఒక్కటీ ఆ పెట్టెలో లేదు.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు. ఆయన చెల్లెలు పక్కన కూర్చుని, ఆయన పాఠాలన్నీ వినే నేర్చేసిందట. ఆయన తడబడితే పద్యం ఆవిడే అందించేదట. పదకొండో ఏట ఆవిడని అత్తవారింటికి పంపేశారు. ఆవిడకి పుస్తకం లేదు, మార్కుల్లేవు. పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో ఎవరూ రాసుకోలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంచిక చివర అచ్చయ్యే పూర్వ విద్యార్థుల జాబితా చిత్తుప్రతి నాకు చూపించారు. అందులో పదో తరగతి పాసైనవాళ్ల పేర్లే ఉన్నాయి. నా బెంచీలో నా పక్కన కూర్చున్నవాడి పేరు లేదు. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. వాళ్ల నాన్న పోర్టులో కలాసీ. నాన్న మంచాన పడితే తొమ్మిదో తరగతిలోనే వాడు పనిలో చేరాడు. మరుసటి ఏడు నేను పదికి వెళ్లాను. తరవాత ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. వాడు రేవులోనే ఉండిపోయాడు. పెళ్లిళ్లయి బడి మానేసిన అమ్మాయిల పేర్లూ లేవు.

కార్యవర్గానికి నాదొక విన్నపం. మన బడి హాజరుపట్టీలో ఒక్క ఏడాది పేరున్నవాళ్లనైనా ఈ జాబితాలో చేర్చండి. మాస్టార్లూ, మీకు గుర్తున్న పేర్లు చెప్పండి. మిత్రులారా, మీ బెంచీలో ఎవరు కూర్చునేవారో ఒక్కసారి తలచుకోండి. పేజీలు పెరిగితే ఆ అచ్చు ఖర్చు నేను పెట్టుకుంటాను.