ఉష్ణజల సరోవర శిలల్లో ద్రవ చేరికలు

ఖనిజ స్ఫటికం పెరుగుతున్నపుడు అందులో చిక్కుబడి మిగిలిపోయిన సూక్ష్మ ద్రవ బిందువులను ద్రవ చేరికలు అంటారు. ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్లు అన్న పేరు కూడా వాడుకలో ఉంది. ఇవి సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతు కంటే చిన్నవి. ప్రాచీన సరస్సుల అడుగున వేడినీటి ఊటల వలన ఏర్పడిన శిలలలో ఆనాటి నీటి నమూనా దొరకగల చోటు ఇదొక్కటే.

ఉష్ణజల శిలలు

చీలిక లోయలలోని సరస్సుల అడుగున భ్రంశాల వెంట వేడినీరు పైకి వచ్చి, చల్లబడి, తనలో కరిగి ఉన్న ఖనిజాలను వదులుతుంది. నేటికీ ఇది జరుగుతున్న చోటు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు. దాని ఉత్తర భాగంలో, కాంగో వైపు తీరాన పెంబా, కేప్ బాంజా అనే చోట్ల ఇటువంటి ఊటలను 1987లో కనుగొన్నారు. 1991లో గజ ఈతగాళ్ళు 46 మీటర్ల లోతు వరకు వెళ్ళి పరిశీలించగా 53 నుండి 103 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలు నమోదైనాయి.

ప్రాచీన శిలల విషయంలో ఇంత స్పష్టత లేదు. చైనాలోని షింజియాంగ్ ప్రాంతంలో గల పెర్మియన్ కాలపు లూత్సావ్‌గౌ శిలాశ్రేణిలో డోలోమైటు, అనాల్సీమ్ పలుచని పొరలుగా ఉన్నాయి. వీటిని సరస్సు అడుగున వెలువడిన ఉష్ణజలాల నిక్షేపాలుగా కొందరు శాస్త్రజ్ఞులు భావించారు. అయితే అగ్నిపర్వత బూడిద క్షారజలంలో మార్పు చెందినా అనాల్సీమ్ ఏర్పడుతుంది. కనుక ఖనిజాన్ని గుర్తించినంత మాత్రాన విషయం తేలదు.

పరీక్షా విధానం

వేడిగా చిక్కుబడిన ద్రవం చల్లారి కుదించుకుపోయినపుడు లోపల ఒక బుడగ ఏర్పడుతుంది. ఈ బుడగను బట్టి స్ఫటికం పెరిగిన ఉష్ణోగ్రతను అంచనా వేయవచ్చని ఇంగ్లండుకు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1858లో చూపాడు. నేడు పలుచగా కోసి నునుపు చేసిన రాతి ముక్కను సూక్ష్మదర్శిని క్రింద వేడిచేసి, బుడగ మాయమయ్యే ఉష్ణోగ్రతను గుర్తిస్తారు. అది చిక్కుబడిన ఉష్ణోగ్రతకు కనిష్ఠ పరిమితి మాత్రమే. సుమారు 50 డిగ్రీల లోపు చిక్కుబడిన వాటిలో చాలామటుకు బుడగే ఉండదు.

తరువాత ద్రవాన్ని గడ్డకట్టించి, మంచు కరిగే ఉష్ణోగ్రతను బట్టి లవణీయత లెక్కిస్తారు. ఫలితాన్ని సోడియం క్లోరైడుకు సమానంగా చెప్పడం ఆనవాయితీ. క్షార సరస్సులలో సోడియం కార్బొనేటు కూడా అధికంగా ఉండవచ్చు గనుక ఆ అంకెను అక్షరాలా తీసుకోరాదు.

ఇబ్బందులు

భూమిలో లోతుకు పోయినకొద్దీ ప్రతి కిలోమీటరుకు సుమారు 25-30 డిగ్రీల వేడి పెరుగుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతున పూడిన శిల, ఏ ఊటా లేకుండానే, 100 డిగ్రీలు దాటుతుంది. అందుచేత 120 డిగ్రీల కొలత ఒక్కటే ఊటకు రుజువు కాదు. కాల్సైటు వంటి మెత్తని ఖనిజాలలో చేరిక గోడలు వేడికి సాగిపోయి కొలత అసలు కంటే ఎక్కువగా వస్తుంది. క్వార్ట్జ్ దీనిని మెరుగ్గా తట్టుకుంటుంది. కాని చెర్టులోని క్వార్ట్జ్ రేణువులు మరీ సన్నవి కావడంతో, పరిశోధకులు తరచు పక్కనున్న సిరలలోని పెద్ద స్ఫటికాలను పరీక్షిస్తారు. ఆ సిర పొరతో పాటే ఏర్పడినదా, లేక లక్షల సంవత్సరాల తరువాత పగులులో నిండినదా అన్నది ముందుగా తేల్చాలి. స్ఫటికపు పెరుగుదల వలయాల వెంట ఉన్నవి ప్రాథమిక చేరికలు. వలయాలను అడ్డంగా కోసుకుపోయే, అతుక్కున్న పగుళ్ళలో ఉన్నవి ద్వితీయ చేరికలు. ఈ తేడా చూపకుండా ఇచ్చిన సగటు ఉష్ణోగ్రతకు సరస్సు విషయంలో విలువ తక్కువ.