సామాను సర్దుతున్న ఇల్లు: మక్కా నుండి హసన్‌పర్తి వరకు

దైవప్రవక్త (స) వారి ప్రవక్తృత్వానికి అది ఐదవ సంవత్సరం, అనగా క్రీ.శ. 615. మక్కాలో ఒక ఇంట సామాను మూటలు కడుతున్నారు. ఆ ఇంటి ఇల్లాలు హజ్రత్ లైలా బిన్తె అబీ హస్మా (రజి). భర్త హజ్రత్ ఆమిర్ బిన్ రబీఆ (రజి) ప్రయాణానికి కావలసినదేదో తేవడానికి బయటికి వెళ్ళారు. అంతలో ఉమర్ బిన్ ఖత్తాబ్ అటుగా వచ్చి నిలబడ్డారు. అప్పటికింకా ఆయన ఇస్లాం స్వీకరించలేదు; ముస్లిములను బాధించేవారిలో ముందుండేవారు. మూటలను చూసి, ప్రయాణమేనా అని అడిగారు. ఔను, మీరు పెట్టే బాధలు పడలేక దైవభూమిలో మరో చోటికి పోతున్నామని ఆమె అన్నారు. అల్లాహ్ మీకు తోడుగా ఉండుగాక అని ఆయన వెళ్ళిపోయారు. ఆయన గొంతులో అంతకు ముందెన్నడూ ఎరుగని మెత్తదనం వినిపించిందని, తమ ప్రయాణం ఆయనకు దుఃఖం కలిగించినట్లు తోచిందని ఆమె తరువాత చెప్పారు. భర్త తిరిగి వచ్చాక ఈ సంగతి చెబితే, ఖత్తాబ్ గాడిదైనా ఇస్లాం స్వీకరిస్తుందేమోగాని ఆయన స్వీకరించడని ఆమిర్ (రజి) కొట్టిపారేశారు.

ఇబ్నె ఇస్‌హాఖ్ సేకరించగా ఇబ్నె హిషామ్ కూర్పు ద్వారా మనకు అందిన ఈ ఉదంతాన్ని మన ఉపన్యాసకులు తరచు చెబుతూనే ఉంటారు. అయితే వారు దీనిని హజ్రత్ ఉమర్ (రజి) ఇస్లాం స్వీకారానికి తొలి సూచనగా చెప్పి ముందుకు సాగిపోతారు. నేను మాత్రం ఆ మూటల దగ్గరే ఆగిపోతుంటాను. ఆమిర్ (రజి) దేని కోసం బయటికి వెళ్ళారు? తాడు కోసమా, నీళ్ళ తిత్తి కోసమా, రావలసిన బాకీ వసూలు చేసుకోవడానికా? ఉల్లేఖనంలో ‘ఏదో అవసరం’ అని మాత్రమే ఉన్నది. వలస పోయే ఇంట్లో చివరి రోజుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో అవసరం మీద బయటికి వెళ్ళే ఉంటారు.

ఆ దంపతులు సముద్రం దాటి హబషా చేరారు. షుఐబా రేవులో రెండు వర్తక నౌకలు దొరికాయని, మనిషికి అర దీనారు కేవు తీసుకున్నారని చరిత్రకారులు వ్రాశారు. ఆ మొదటి బృందంలో పదకొండు మంది పురుషులు, నలుగురు స్త్రీలు ఉన్నారన్నది ప్రసిద్ధమైన ఉల్లేఖనం. మన సీరత్ గ్రంథకర్తలు ఈ జాబితాను తెగలవారీగా వ్రాస్తూ, ‘ఆయన వెంట ఆయన భార్య ఫలానా, ఫలానా వారి కుమార్తె’ అని విడువకుండా పేర్కొన్నారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) వెంట రుఖయ్యా (రజి), అబూ హుజైఫా (రజి) వెంట సహ్లా (రజి), అబూ సలమా (రజి) వెంట ఉమ్మె సలమా (రజి), ఆమిర్ (రజి) వెంట లైలా (రజి).

ఇక మన కాలపు చట్టం చూడండి. 1922 నాటి వలసల చట్టం స్థానంలో భారత పార్లమెంటు 1983లో కొత్త చట్టం చేసింది. ఉద్యోగం కోసం విదేశానికి పోయేవాడే దాని దృష్టిలో వలసదారుడు. అతని వెంట పోయే ఆశ్రితులు, తరువాత అతనిని చేరుకునే ఆశ్రితులు, ఆ నిర్వచనంలోకి రారని చట్టమే స్పష్టంగా చెప్పింది. చట్టానికి దాని కారణాలు దానికి ఉండవచ్చు. కాని గల్ఫ్ వలస గూర్చి వ్రాసిన వారిలో చాలామంది కూడా ఆ నిర్వచనాన్నే పట్టుకుని పురుషులను, వారు పంపిన సొమ్మును లెక్కపెట్టి ఊరుకున్నారు. ఇల్లు ఎలా కదిలిందో వ్రాసినవారు తక్కువ. పదమూడు వందల సంవత్సరాల క్రితం వ్రాసినవారికి ఉన్న ఈ పట్టింపు మనకు లేకపోయింది.

నేను అనువాదకుడిని. అరబ్బీ, ఉర్దూ కాగితాలను తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వడం నా వృత్తిలో ఒక భాగం. ఈ పనివల్లనే 2013లో హసన్‌పర్తిలో ఒక ఇంటికి అయిదు నెలలపాటు రాకపోకలు సాగించవలసి వచ్చింది.

హసన్‌పర్తి హనుమకొండ నుండి కరీంనగర్ పోయే దారిలో ఉన్నది. దాని పేరు మీద కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలో ఒక స్టేషను కూడా ఉన్నది. 1973 అక్టోబరు యుద్ధం తరువాత ముడిచమురు ధర కొద్ది నెలలలోనే సుమారు నాలుగింతలై, గల్ఫ్ దేశాలలో కట్టడాలు ఊపందుకున్నాయి. అప్పటి నుండి ఉత్తర తెలంగాణ పల్లెలలోని మగవారు, ముస్లిములూ ముస్లిమేతరులూ, బొంబాయి మీదుగా ఆ దేశాలకు పోవడం మొదలైంది. 1948 తరువాత సర్కారీ కొలువులు, వాటితోపాటు ఉర్దూ చదువు విలువ కోల్పోయిన మన కుటుంబాలకు ఇది కొత్త దారి అయింది. అయితే పోయినవారిలో ఎక్కువమంది ఒంటరిగానే పోయారు. సౌదీలో కుటుంబాన్ని రప్పించుకునే వీలు అందరికీ లేదు. అక్కడి ఇఖామాలో వ్రాసిన వృత్తిని బట్టి అది ఉంటుంది. మేస్త్రీకి, డ్రైవరుకు దొరకనిది లెక్కలు వ్రాసే ఉద్యోగికి దొరకవచ్చు. నేను చెప్పే ఇంటి యజమాని దమ్మామ్‌లో ఒక కంపెనీలో లెక్కలు వ్రాసేవాడు. ఆరేళ్ళు ఒంటరిగా ఉండి, చివరికి భార్యను, ఎనిమిదేళ్ళ కూతురిని, అయిదేళ్ళ కొడుకును పిలిపించుకోవాలని నిశ్చయించాడు. తల్లి హసన్‌పర్తిలోనే ఉండాలి. చిన్న కొడుకు ఆమెను చూసుకుంటాడు.

నాకు మొదట ఇచ్చిన కాగితం సియాహ్‌నామా, అనగా ఖాజీ వద్ద నమోదైన నికాహ్ పత్రం. ఉర్దూలో చేతివ్రాత. వధువు పేరు చివర ‘బేగం’ అని ఉంటే, పాస్‌పోర్టులో తండ్రి పేరు చేరి ఉన్నది. ఒకే స్త్రీ రెండు కాగితాలలో ఇద్దరైంది. తేదీతో మరో చిక్కు. మన దగ్గర నెలవంక సాధారణంగా సౌదీ కంటే ఒక రోజు వెనుక కనబడుతుంది కనుక, మన ఖాజీ వ్రాసిన హిజ్రీ తేదీని వారి పంచాంగం ప్రకారం లెక్కకడితే ఇంగ్లీషు తేదీ ఒక రోజు మారిపోతుంది. ఇలాంటివి సరిచేయించడానికి మరిది హైదరాబాదుకు ఎన్నిసార్లు తిరిగాడో! నాంపల్లిలోని వక్ఫ్ బోర్డు నుండి వివాహ ధ్రువపత్రం, దానిపై సచివాలయం ముద్ర, తరువాత ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన సౌదీ రాయబార కార్యాలయం ముద్ర. (2022 డిసెంబరులో సౌదీ అరేబియా అపోస్టిల్ ఒడంబడికలో చేరిన తరువాత ఈ గొలుసు కొంత తగ్గింది.) పన్నెండు మంది ఎదుట ఖుత్బా చదివి, మెహర్ నిర్ణయించి జరిగిన నికాహ్‌కు ఇన్ని సాక్ష్యాలు ఎందుకు కావాలని ఇల్లాలు ఒకనాడు నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కాగితాలు తిరుగుతున్నంతకాలం ఇల్లు అటూ ఇటూ కాని స్థితిలో ఉండిపోయింది. బియ్యం బస్తా తెచ్చుకునే ఇల్లు పది కిలోలు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. పిల్లలకు బడి ఫీజు కట్టాలా వద్దా అన్నది ప్రతి నెలా చర్చే. మామిడికాయల కాలం వచ్చింది. అచార్ పెట్టారు, కాని రెండు జాడీలలో: చిన్నది వెంట తీసుకుపోవడానికి, పెద్దది ముసలామెకు. తెల్లని గుడ్డ ముందు కూర్చోబెట్టి ఫోటో తీస్తుంటే చిన్నవాడు మూడుసార్లు నవ్వి చెడగొట్టాడు. కుట్టుమిషను ఆడబిడ్డ ఇంటికి పోయింది. వీసా ముద్ర పడిన తరువాత కిరాణా దుకాణం నుండి వేలాడే కాటా ఒకటి అడిగి తెచ్చి దూలానికి కట్టారు. రోజూ సంచులు తూచడం, రెండు కిలోలు ఎక్కువైందని కారంపొడి తీయడం, మరునాడు కారంపొడి పెట్టి చింతపండు తీయడం.

ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా’లో ప్రయాణ మర్యాదలు చెబుతూ సామాను సంగతి మొదట ఎత్తలేదు. ఎవరికైనా చేసిన అన్యాయాన్ని సరిదిద్దుకోవడం, అప్పులు తీర్చడం, తనపై ఆధారపడిన వారికి నఫఖా ఏర్పాటు చేయడం, తన దగ్గర ఉన్న అమానత్‌లు తిరిగి ఇవ్వడం ముందు చెప్పారు. ఈ ఇంట అది నా కళ్ళముందు జరిగింది. కిరాణా ఖాతా, పాలవాడి లెక్క, దర్జీ బాకీ ముగిశాయి. పక్కింటి పద్మశాలి ఇల్లాలు, భర్తకు తెలియకుండా చిట్టీ డబ్బు ఈమె దగ్గర దాచుకునేది. ఒక మధ్యాహ్నం దానిని లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టింది. ‘ఇగ నేనెవలి దగ్గర పెట్టుకోవాలె అక్కా?’ అని ఆమె కన్నీళ్ళు పెట్టుకున్నది. హిజ్రత్ రాత్రి ప్రవక్త (స) వారి పడక మీద పడుకున్న హజ్రత్ అలీ (రజి), మూడు రోజులు మక్కాలోనే ఆగి ప్రజల అమానత్‌లన్నీ అప్పగించిన తరువాతనే మదీనాకు బయలుదేరారు. ఆ సొమ్ము దాచుకున్నవారు అత్యధికంగా, ప్రవక్త (స) వారిని చంపజూసిన ఊరివారే. ఈ పక్కింటి ఇల్లాలు అలా శత్రువు కాదు సరిగదా, ప్రయాణం నాడు పిల్లల జేబులు వేయించిన పల్లీలతో నింపింది.

ఇప్పుడు ముసలామె సంగతి. దీనిని వ్రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టానని ఒప్పుకోవాలి.

హిజ్రత్ సందర్భంలో హజ్రత్ అస్మా (రజి) గూర్చి అందరికీ తెలుసు. అన్నపు సంచిని, నీటి తిత్తిని కట్టడానికి తాడు దొరకక తన నడికట్టు చించి కట్టారు. ‘జాతున్నితాఖైన్’, రెండు నడికట్ల మహిళ అన్న బిరుదు పొందారు. (సౌదీ ప్రభుత్వం 2011లో తెచ్చిన ‘నితాఖాత్’ ఉద్యోగ విధానం పేరు కూడా ఈ ధాతువు నుండి పుట్టినదే. ఆ పేరు వింటేనే మన వారికి గుండె ఝల్లుమంటుంది.) కాని ఆమె చేసిన రెండవ పని గూర్చి తక్కువగా చెబుతారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇంట్లో ఉన్న అయిదారు వేల దిర్హములూ వెంట తీసుకుపోయారు. తాత అబూ ఖుహాఫా వచ్చారు. చూపు పోయిన వృద్ధుడు, ఇంకా ముస్లిము కాలేదు. కొడుకు తాను పోవడమే గాక డబ్బు కూడా తీసుకుపోయి మిమ్మల్ని ఇబ్బందిలో పెట్టాడనుకుంటానన్నారు. అస్మా (రజి) తండ్రి డబ్బు దాచే గూటిలో రాళ్ళు పెట్టి, గుడ్డ కప్పి, తాత చేయి దానిమీద ఆనించారు. ఇంత విడిచిపోయాడంటే మేలే చేశాడని ఆయన తృప్తిపడ్డారు. నిజానికి మా నాన్న ఏమీ మిగల్చలేదు, ఆ ముసలాయన మనసు నిమ్మళపరచాలనే అలా చేశానని ఆమే స్వయంగా చెప్పారు.

హసన్‌పర్తిలో ముసలామె నన్ను పిలిచి, కొడుకు పనిచేసే కంపెనీ ఒప్పందం చేతికిచ్చి, ‘మౌల్వీ సాబ్, ఇందులో ఎన్నేళ్ళని ఉంది?’ అని అడిగింది. అరబ్బీ కాగితం. రెండు సంవత్సరాలు, ‘ఖాబిల్ లిత్తజ్దీద్’, అనగా మళ్ళీ పొడిగించుకోవచ్చును అని ఉన్నది. గుమ్మంలో నిలబడిన కోడలు నా వైపు చూసింది. నేను ‘రెండేళ్ళు, అమ్మీజాన్’ అన్నాను. వ్రాసినది వ్రాసినట్లు చెప్పడమే నా వృత్తిధర్మం. ఆనాడు రెండు మాటలు మింగాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి తన ట్రంకుపెట్టెలో పెట్టుకున్నది.

బయలుదేరేనాడు ఆమె మనుమల చేతికి ఇమామ్ జామిన్ కట్టింది. దీనికి షరీయత్‌లో ఆధారం లేదని నాకు తెలుసు. ఆనాడు నోరు విప్పలేదు. గుడ్డలో మడిచి కట్టిన నాణాన్ని గమ్యం చేరాక బీదవారికి ఇవ్వాలి గనుక, అది సదఖాగా మిగులుతుందని సరిపెట్టుకున్నాను. సుమో బండిలో శంషాబాద్ విమానాశ్రయానికి పన్నెండు మంది ఇరుక్కుని వెళ్ళారు. ముసలామె మాత్రం వెళ్ళలేదు.

అబూ ఖుహాఫాకు కొడుకును మళ్ళీ కలుసుకునే భాగ్యం కలిగింది. హిజ్రీ 8లో మక్కా విజయం నాడు అబూబక్ర్ (రజి) స్వయంగా తండ్రిని ప్రవక్త (స) వారి సన్నిధికి నడిపించుకు వచ్చారు. ఇంత ముసలివారిని శ్రమపెట్టి తీసుకురావడమెందుకు, నేనే ఆయన వద్దకు వెళ్ళేవాడిని కదా అని ప్రవక్త (స) అన్నారు. ఆయన ఇస్లాం స్వీకరించారు. కొడుకు కంటే కొద్ది నెలలు ఎక్కువే బ్రతికారు. హసన్‌పర్తి ఇంట అలా జరగలేదు. ఒప్పందం పొడిగింపబడింది. ముసలామె 2016లో మరణించింది. జనాజా అదేరోజు జరిగిపోయింది. కొడుకు నాలుగవనాడు వచ్చాడు. అస్మా (రజి) రాళ్ళు పెట్టినది కొద్ది రోజుల బెంగ తీర్చడానికి, అదీ ఆకలి భయంతో ఉన్న వృద్ధునికి. నేను చేసినది దానితో సమానమని చెప్పుకోవడానికి చాలాకాలం ప్రయత్నించాను. కుదరలేదు. రాళ్ళ మీద చేయి పెట్టిన మనిషికి ఎదురుచూడవలసిన గడువంటూ ఎవరూ చెప్పలేదు. ఈమె చేతికి మాత్రం నేనొక గడువు ఇచ్చాను. ఆ గడువు దాటిన తరువాత ప్రతి శుక్రవారం ఆమె మరిదిని, కాగితం తప్పా మనిషి తప్పా అని అడిగేదట.

2017 జూలై నుండి సౌదీలో ఉద్యోగుల ఆశ్రితులపై రుసుము వచ్చింది. మొదటి ఏడు మనిషికి నెలకు 100 రియాళ్ళు, తరువాత ఏటా మరో నూరు చొప్పున పెరిగేలా. ముగ్గురు ఆశ్రితులున్న ఈ ఇంటికి 2018లో నెలకు 600 రియాళ్ళు అయింది. హైదరాబాదుకు, మన జిల్లాలకు ఎన్నో కుటుంబాలు తిరిగివచ్చాయి. ఈ తల్లీ పిల్లలు కూడా 2018 వేసవిలో వచ్చారు. భర్త మళ్ళీ ఒంటరివాడయ్యాడు.

నేను చూడబోయినప్పుడు చిన్నవాడు మాట మాటకూ ‘ఖలాస్’ అంటున్నాడు, ఇరుగుపొరుగు పిల్లలు నవ్వుతున్నారు. హబషాలో పుట్టి చిన్నతనంలోనే మదీనా చేరిన ఉమ్మె ఖాలిద్ (రజి)కు ప్రవక్త (స) తమ చేతులతో ఒక చిన్న దుప్పటి కప్పి, ‘సనా, సనా’ అన్నారని సహీహ్ బుఖారీలో ఉన్నది. హబషా భాషలో ఆ మాటకు బాగున్నదని అర్థం. ఆ పిల్ల పెరిగిన చోటి మాటతోనే ఆమెను పలకరించారన్నమాట. పిల్లలకు ఈ హదీసు చెప్పాను. చిన్నవాడు ‘సనా’ అని రెండుసార్లు అని చూసుకున్నాడు.

పదమూడేళ్ళ కూతురు అక్కడి బడిలో అరబ్బీ నేర్చుకున్నది. దాదీ ట్రంకుపెట్టె తెరిచి, మడతలలో చిరిగిన ఒక కాగితం తెచ్చి, నా ముందు కూర్చుని పైనుండి కిందికి తప్పులేకుండా చదివింది, నేను వదిలివేసిన రెండు మాటలతో సహా.